ముందు ఎవరు మాట్లాడారు

కోవ్నో,
1926 మే 11, మంగళవారం

బ్రైనె అక్కకి,

నీ తమ్ముడు జెలిక్ రాసేది. ఈ పొద్దున్నే నాకు ఎదురైన మొదటి వింత ఇది: నా వాదనని ఒకడు ఒక్క ముక్క కూడా కాదనకుండా కూలగొట్టాడు.

ఈ ధర్మశాస్త్ర పాఠశాలలో ఎవరూ ఒంటరిగా చదవరని నీకు చెప్పాను కదా. బల్లకి అటొకడు ఇటొకడు కూర్చుని, ఒకే గ్రంథం మధ్యలో పెట్టుకుని, గొంతులు చించుకుంటాం. వీధిలోంచి వింటే గుర్రాల బేరం అనుకుంటావు. ఈ వారం నాకు జతపడినవాడి పేరు ఎజ్రియెల్. నాకన్నా పెద్దవాడు, అతి నెమ్మది. మందబుద్ధేమో అనుకున్నాను. మేం చదువుతున్నది, ఒకడి ఎద్దు ఇంకొకడు తవ్విన గోతిలో పడితే నష్టం ఎవరు భరించాలని. నేను లేచి నిలబడి, చేతులు ఊపుతూ, నాకే ముచ్చటేసేంత బాగా మాట్లాడాను. ఎజ్రియెల్ చివరిదాకా విని, గడ్డం గోక్కుని, "ఒక్కటి అడగనా? 'వాడిదే తప్పు' అన్నావు. వాడంటే ఎవడు? తవ్వినవాడా, ఎద్దుని వదిలినవాడా?" అన్నాడు.

జవాబు చెబుదామని నోరు తెరిచాను. అప్పుడు తెలిసింది, సగం వాదనలో వాడంటే ఒకడు, మిగతా సగంలో వాడంటే ఇంకొకడు. అక్కడే కూర్చుండిపోయాను.

"ఎదుటివాడి మాట తికమకగా ఉంటే జవాబు చెప్పకు, అడుగు," అన్నాడు ఎజ్రియెల్. "వాడి మాటని నీ నోటితో వాడికి తిరిగి చెప్పు. 'అవును, నేనన్నది అదే' అని వాడు ఒప్పుకునేదాకా నీకు కాదనే హక్కు లేదు."

అక్కా, మాటల్లో ఇన్ని గదులున్నాయని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తలుపు తట్టి చూడాలంతే. మాకు రోజుకొక ఇంట్లో భోజనం కదా, మంగళవారం తోళ్ళ వ్యాపారి ఇంట్లో. ఆయన భార్య "సూప్ ఉంది గానీ లేనట్టే" అంది. "ఉందంటే ఎంత, లేదంటే ఎంత?" అని అడిగాను. గరిటె పట్టుకుని వెంటపడింది. తర్వాత ఒక బంగాళాదుంప ఎక్కువే వేసింది.

నీ సంగతి రాయి. గిర్షన్ బావ దుంగల తెప్పలతో నది మీద వెళ్ళి మూడు వసంతాలైంది. బతికున్నాడని గానీ లేడని గానీ ఒక్క నోరైనా చెప్పందే నువ్వు భార్యవీ కావు, విధవవీ కావు. తీర్పు చెప్పాల్సిన మన ఊరి రబ్బీగారు ఏమైనా అన్నారా? రొట్టెల ఓషెర్ నిన్ను చేసుకోవాలని ఇంకా ఎదురుచూస్తున్నాడా? నా మేనకోడలు మిర్కెకి ముద్దులు.

చదువుకుంటున్న నీ తమ్ముడు,
జెలిక్


విర్బెలిష్కి,
మే 17, సోమవారం

నా చిన్ని పండితుడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గోతిలో పడ్డ ఎద్దు చచ్చిందా బతికిందా అది మాత్రం నువ్వు రాయలేదు. మిర్కె అదే అడుగుతోంది.

ఎల్లుండి పండగ. జున్ను గుడ్డలో కట్టి వేలాడదీశాను, ఇల్లంతా పుల్లటి వాసన. వంటింటి కప్పు మళ్ళీ కారుతోంది. ఓషెర్ వచ్చి నిచ్చెన వేసి చూస్తానన్నాడు. నేను వద్దన్నాను. మొగుడి సంగతి తేలని ఆడదాని కప్పు మీద పెళ్ళాం పోయిన మగాడు కూర్చుంటే వీధి వీధంతా మెడ పైకెత్తి చూస్తుంది. పాపం, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. శరత్కాలంలో సుక్కోత్ పండగదాకా నా కోసం ఆగుతానన్నాడు. ఆ తర్వాత వాళ్ళ అక్క ఏదో సంబంధం తెస్తోందట. ఆయన్ని తప్పు పట్టను. తల్లి లేని పిల్లలు ఇద్దరు.

అసలు కబురు ఇది. శుక్రవారం సంతలో గుడ్లమ్మే ఆవిడ చెప్పింది, బల్ట్రుస్ తిరిగొచ్చాడట. లిథువేనియన్ల పల్లెవాడు, మీ బావ ఎక్కిన తెప్ప మీదే ఉన్నవాడు. ఇన్నాళ్ళూ లాట్వియాలో పనికి పోయాడట, ఇప్పుడు మళ్ళీ నది మీదే తిరుగుతున్నాడు. గుడ్ల బుట్ట అక్కడే వదిలేసి రబ్బీగారింటికి పరుగెత్తాను.

ఆయన గదిలో అటూ ఇటూ చాలాసేపు తిరిగారు. తర్వాత అన్నారు: "నువ్వు అతని దగ్గరికి వెళ్ళకు. నేనూ పిలవను. మనవాళ్ళెవరూ కదలకూడదు. ఆ నోరు దానంతటది తెరుచుకోవాలి. అప్పుడు పక్కన చెవి ఉంటే అదృష్టం."

"అంటే ఏమిటి రబ్బీగారూ?" అన్నాను.

"విడమర్చి చెబితే నేను నిన్ను పంపినట్టవుతుంది," అన్నారు. ఆయన భార్య నాకు టీ ఇచ్చి, చల్లారకముందే తలుపుదాకా సాగనంపింది.

నాకేమీ అర్థం కాలేదు. నీకేమైనా అర్థమవుతుందా?

నీ అక్క,
బ్రైనె


కోవ్నో,
మే 21, శుక్రవారం

అక్కా,

పండగ ఎలా జరిగిందని కూడా అడగకుండా మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. ఇంకాసేపట్లో సబ్బాతు దీపాలు పెడతారు, ఆ తర్వాత రేపు రాత్రిదాకా కలం ముట్టకూడదు.

రబ్బీగారి మాటలు ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని కింద గీత గీశాను. "మనవాళ్ళెవరూ" అంటే ఎవరు? మన ఇంటివాళ్ళా, ఊళ్ళోని యూదులందరూనా? "కదలకూడదు" అంటే ఎన్నాళ్ళు? "చెవి ఉంటే అదృష్టం" అంటే ఆ చెవి ఉండేలా చూడమనా, చూడొద్దనా? వెళ్ళి ఇవి ఒక్కొక్కటే అడుగు. ఆయన చెప్పాక నీ మాటల్లో తిరిగి చెప్పు. "అవును, అదే" అనేదాకా లేవకు.

నాకేమనిపిస్తోందో చెప్పనా? ఆయనకి భయం. మొగుడు పోయాడన్న తీర్పు మీద సంతకం పెట్టాక రేపు ఆ మొగుడు గుమ్మంలో నిలబడితే పాపమంతా ఆయనదే. అందుకే మాటలకి పొగ పెడుతున్నారు. మా గదిలో కూడా ఇలాంటివాళ్ళు ఉన్నారు, వాదనలో ఓడిపోతున్నప్పుడు గొంతు తగ్గించి కళ్ళు మూసుకుంటారు.

ఎజ్రియెల్‌ని అడుగుదామనుకున్నాను. అతను ఇలాంటి అధ్యాయాలన్నీ చదివేశాడు. మేం వాటి దగ్గరికి రావడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది. కానీ మన ఇంటి బాధ ఈ బల్ల మీద పరిచి, ఎద్దు గురించి మాట్లాడినట్టు మాట్లాడడం నాకు సిగ్గనిపించింది. ఇది మనిద్దరమే తేల్చుకోగలం.

తొందరలో,
జెలిక్

ఎద్దు చచ్చిందని మిర్కెకి చెప్పు. చావకపోతే కేసే లేదు.


విర్బెలిష్కి,
మే 31, సోమవారం

జెలిక్‌కి,

నీ ప్రశ్నలు పట్టుకుని వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

మొదటిది అడగ్గానే ఆయన అరచేత్తో కళ్ళు మూసుకున్నారు. "ఇవి ఎవరి ప్రశ్నలు?" అన్నారు. నా తమ్ముడివన్నాను. "చదివే అధ్యాయం చదువుకోమను. దీన్ని వదిలెయ్యమను," అన్నారు. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అన్నారు. నేను రెండోది అడగలేదు. డెబ్భై ఏళ్ళ మనిషిని ఇంకెంత పిండను? ఆయనకి భయం అన్నావు. మరి నాకున్నది భయం కాదు. అలసట.

మిర్కెకి పన్ను ఊడింది. "నాన్న వచ్చాక చూపిస్తా" అని దాచుకుంది. ఆ పిల్లకి వాళ్ళ నాన్న ముఖం గుర్తు లేదు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. నా నోటి నుంచి ఈ మధ్య అవునూ కాదూ రెండూ రావడం మానేశాయి.

బల్ట్రుస్ తెప్ప ఈ వారమో పై వారమో కోవ్నో మీదుగా వెళ్తుందట, అక్కడ దుంగలు దించుతారట. వెళ్ళనీ. ఎవరైనా అతన్ని పట్టుకుని ఆ ఒక్క మాట అడిగేస్తే ఎంత బాగుండును. పొద్దున్నే నీళ్ళు మోసుకొస్తూ ఇదే అనుకుంటాను.

చలికోటు ఎండలో వేశావా? చిమ్మట పడుతుంది.

బ్రైనె


కోవ్నో,
జూన్ 8, మంగళవారం

అక్కా, అక్కా,

దొరికాడు.

నీ ఉత్తరం అందిన రోజు నుంచీ పాఠం అయిపోగానే నది ఒడ్డుకి పరుగు. నువ్వు అడగమన్నావు, నేను అడిగాను. నిన్న సాయంత్రం దుంగలు దించే చోట తెప్ప కనబడింది. బల్ట్రుస్ ఒడ్డున మంట వేసుకుని బంగాళాదుంపలు కాలుస్తున్నాడు. పెద్ద ఆకారం, మోకాళ్ళదాకా తడి బూట్లు. నా యూదు టోపీ చూసి చేతిలో కర్ర పక్కన పెట్టి లేచాడు, ఏదో అనబోయాడు. నేను ఆలస్యం చెయ్యలేదు. దారంతా వల్లెవేసుకుంటూ వెళ్ళిన ప్రశ్న వేసేశాను:

"గిర్షన్ అని దుంగల గుమాస్తా ఉండేవాడు. ఆయనకేమైంది?"

"కాస్త ఊపిరి తీసుకోనివ్వవయ్యా," అన్నాడు. "ఆ గుమాస్తానా. నది మింగేసింది పాపం."

"మింగేసిందంటే? మునగడం నువ్వు చూశావా, కనబడకపోతే మునిగాడనుకున్నారా?"

"చూడ్డమేంటి, లాగింది నేనే. బండల మలుపు దగ్గర తెప్ప విరిగింది. దుంగల కిందకి పోయాడు. మర్నాడు తేలితే కొక్కెం వేసి లాగాను."

"ఆయనేనని ఎలా తెలుసు? ముఖం చూశావా?"

"చూడక? ఎడం కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుందిగా. తెప్ప మీద అందరం ఏడిపించేవాళ్ళం, పెళ్ళాం చెంచాతో కొట్టిందా అని."

అక్కా, ఆ కనుబొమ్మ సంగతి నేను చెప్పలేదు. అతనే చెప్పాడు. ఒడ్డునే పాతిపెట్టారట. ఆ మరుసటి వరదకి ఆ ఒడ్డే కొట్టుకుపోయిందట. వాళ్ళతో ఉన్న ఇంకొకడు బ్రెజిల్ వెళ్ళిపోయాడు. "మరి మావాళ్ళకెందుకు చెప్పలేదు?" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. "ఆ ఏడే లాట్వియా పోయాను. అయినా నన్నెవరూ అడగలేదుగా," అన్నాడు.

చూశావా? ఎవరూ అడగలేదు. మూడేళ్ళు ఊరంతా చేతులు ముడుచుకుని కూర్చుంది, రబ్బీగారు గదిలో అటూ ఇటూ తిరిగారు, కావలసింది ఒక్క ప్రశ్న. ప్రతి మాటకీ అర్థం అడిగాను, తిరిగి చెప్పాను, "అదే, అదే" అని తల ఊపాడు. నేను ఇంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఇప్పుడు చదువుకుంటే బావ చనిపోయాడన్న కబురు నేను పండగ కబురులా రాశాను. క్షమించు. నాకు ఈల వేయడం నేర్పింది ఆయనే. ఏడుపు వస్తోంది. కానీ నీకు విడుదల, అక్కా. రబ్బీగారికి చెప్పు. ఓషెర్‌కి చెప్పు.

జెలిక్


విర్బెలిష్కి,
జూన్ 14, సోమవారం

జెలిక్‌కి,

నీ ఉత్తరం చదివి, చావు కబురు వింటే మనం చేసేట్టే మెడ దగ్గర బట్ట చింపుకున్నాను. చిన్న పీట తెచ్చుకుని దుఃఖానికి కూర్చున్నాను. మిర్కె వచ్చి ఒళ్ళో కూర్చుంది. ఇద్దరం బాగా ఏడ్చాం. తర్వాత నాకు నిద్రపట్టింది, పట్టపగలు, నేల మీదే. అలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో.

లేచి రబ్బీగారి దగ్గరికి వెళ్ళాను. ముందు ఆయన చూసింది నా చిరిగిన మెడపట్టీ. "ఎవరు చింపమన్నారు?" అన్నారు. నీ ఉత్తరం చదివి వినిపించాను. కనుబొమ్మ మాట వచ్చినప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అతనే," అన్నారు. నా గుండె ఎగిరింది. కానీ మళ్ళీ మొదటి నుంచి చదవమన్నారు. "ఆ పిల్లవాడు ఒడ్డుకి వెళ్ళి... ఆగు. ముందు ఎవరు మాట్లాడారు?" అన్నారు.

నువ్వు ఉత్తరంలో రాసింది చూపించాను. కాగితం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "తొందరలో రాసి ఉంటాడు. జరిగిన వరసలో రాయకపోయి ఉండొచ్చు. వాణ్ణి రమ్మను. నా ఎదురుగా, ఇంకో ఇద్దరు పెద్దల ఎదురుగా చెప్పాలి," అన్నారు. నేను వెళ్తుంటే వెనక్కి పిలిచి, పీట లోపల పెట్టెయ్యమన్నారు. ఇప్పుడే దుఃఖానికి కూర్చోకూడదట. కూర్చుంటే విధవనని నాకు నేనే తీర్పు చెప్పుకున్నట్టట.

ఎవరు ముందు మాట్లాడితే ఏమిటి జెలిక్? మనిషి పోయాడు కదా. అందులో ఏముంది? నీకు తెలిస్తే రాయి. అలంకారాలు వద్దు. ఉన్నది రాయి.

ఓషెర్ రొట్టె పంపాడు. కబురేమీ చెప్పి పంపలేదు, రొట్టె మాత్రమే. ఊళ్ళో అప్పుడే పాకిపోయింది.

బ్రైనె


కోవ్నో,
జూన్ 17, గురువారం

అక్కా,

నీ ఉత్తరం ఎజ్రియెల్ ముందు పెట్టాను. మొదటే పెట్టాల్సింది.

అతను చదివి, లేచి, అలమారలోంచి ఒక పెద్ద గ్రంథం తెచ్చాడు. మేం ఇంకా ముట్టని గ్రంథం. మొగుడి జాడ లేని ఆడవాళ్ళ మీద మన పెద్దలు ఎంత జాలిపడ్డారో అందులో ఉంది. మామూలుగా ఇద్దరు సాక్షులు కావాలి, నీలాంటి వాళ్ళకి ఒక్కరు చాలన్నారు. చివరికి మన మతం కాని వాడి మాటైనా చాలన్నారు. ఒక్కటే షరతు. అతను తనంతట తాను అని ఉండాలి. ఏదో కబుర్లు చెబుతూ, ఎవరి కోసమో కాకుండా, నోరు జారినట్టు. అలా మొదలయ్యాక ఎన్నైనా అడగొచ్చట. కానీ మొదలు మన ప్రశ్నతో అయితే అది సాక్ష్యం కాదు. అడిగితే చెప్పేవాడు అడిగినవాడికి కావలసిందే చెప్పొచ్చు కదా అని.

"ఆ నోరు దానంతటది తెరుచుకోవాలి." రబ్బీగారు పొగ పెట్టలేదు అక్కా. ఆయన చెప్పగలిగినంత సూటిగా చెప్పారు.

ఎజ్రియెల్ నన్ను అడగడం మొదలుపెట్టాడు. ఎప్పటిలాగే నెమ్మదిగా. నన్ను పడగొట్టడానికి కాదు, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని.

"నువ్వు నోరు విప్పకముందు అతనేమైనా అన్నాడా?"

"అనబోయాడు."

"అనబోయాడంటే? మాట బయటికొచ్చిందా?"

"రాలేదు."

"గిర్షన్ పేరు ముందు ఎవరి నోట వచ్చింది?"

"నా నోట."

"అంతకుముందు తనంతట తాను వేరే ఎవరికైనా చెప్పానని అన్నాడా?"

"'నన్నెవరూ అడగలేదు' అన్నాడు."

"నువ్వు అడగనిది ఏదైనా చెప్పాడా?"

"కనుబొమ్మ. కానీ అది నేను 'ఎలా తెలుసు' అన్నాక. తర్వాత బంగాళాదుంప తింటావా అన్నాడు."

ఎజ్రియెల్ నవ్వలేదు. గ్రంథం మూశాడు.

కర్ర పక్కన పెట్టి అతను లేవడం నాకు మళ్ళీ మళ్ళీ కనబడుతోంది. నోరు తెరిచాడు అక్కా. ఒక్క క్షణం నేను మూగవాణ్ణి అయి ఉంటే చాలు.

ఇంకొకటి ఉంది. ఆ ఒడ్డున మేమిద్దరమే ఉన్నాం. నేను రబ్బీగారి ముందు నిలబడి, "అతనే ముందు అన్నాడు, ఉత్తరంలో నేను తలకిందులుగా రాశాను" అంటే కాదనేవాళ్ళు ఎవరూ లేరు. ఆయన కూడా ఆ మాట కోసమే చూస్తున్నారేమో. ఇది ఎజ్రియెల్‌తో అంటే అతను కోటు తీసుకుని, "దీని మీద నేనేమీ అడగను," అని బయటికి వెళ్ళిపోయాడు. బావ చనిపోయింది నిజం. నేను మార్చేది వరస ఒక్కటే.

ఏం చెప్పమంటావు? నువ్వు ఏది రాస్తే అది చెబుతాను.

జెలిక్


విర్బెలిష్కి,
జూన్ 21, సోమవారం

తమ్ముడూ,

నిన్ను తిట్టడానికి కూర్చున్నాను. రెండు కాగితాలు తిట్టి పొయ్యిలో వేశాను. ఇది మూడోది.

అబద్ధం చెప్పకు. నేను మంచిదాన్ని కాబట్టి చెప్పడం లేదు, ఒక రాత్రంతా చెబితే బాగుండునని పడుకుని ఆలోచించాను. నువ్వు చెబుతావు, రబ్బీగారు నమ్ముతారు, నేను ఓషెర్ ఇంట్లో దీపం వెలిగిస్తాను. తర్వాత నాకొక బిడ్డ పుడుతుంది. ఆ బిడ్డ మన ధర్మం ప్రకారం అక్రమ బిడ్డేనని నీకూ నాకూ మాత్రమే తెలుస్తుంది. నువ్వు పండగకి వచ్చినప్పుడల్లా నేను నీ ముఖం వంక చూడలేను. ఒక మొగుణ్ణి నది తీసుకుంది. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా?

నిన్న రబ్బీగారి దగ్గరికి వెళ్ళి, నువ్వు రాసిందంతా చెప్పాను. ఇప్పుడు ఆయన విడమర్చి చెప్పారు, ఇంక దాచి లాభం లేదుగా. క్రైస్తవుల జాన్ పండక్కి తెప్పలన్నీ మన రేవులోనే కడతారు. తెప్పలవాళ్ళు మన యోస్ల్ సారాకొట్లో కూర్చుని పాత కథలు చెప్పుకుంటారు. విరిగిన తెప్ప కథ చెప్పకుండా ఏ తెప్పలవాడూ ఉండడట. యోస్ల్ అక్కడే ఉంటాడు, చెవులున్నవాడు. రబ్బీగారు వేచి చూసింది దాని కోసం. ఎల్లుండి రాత్రే ఆ పండగ. ఇప్పుడు బల్ట్రుస్ చెప్పినా లాభం లేదు, మనకిది కావాలని అతనికి తెలిసిపోయింది కాబట్టి. ఆయన కోవ్నోలోని పెద్దలకి రాస్తానన్నారు. ఆ మాట నా వంక చూసి అనలేదు, బల్ల వంక చూసి అన్నారు.

నేను అడగమన్నానని రాశావు. నేను అడగమనలేదు జెలిక్. నీళ్ళు మోస్తూ నాలో నేను అనుకునేది రాశాను. ఆడవాళ్ళు అలా అనుకుంటారు. ఇల్లు కూలిపోతే బాగుండునని కూడా అనుకుంటాను, అంటే వచ్చి కూల్చమనా? రబ్బీగారి ప్రతి మాట కింద గీత గీశావు. తవ్వినవాడెవడు, వదిలినవాడెవడు అని చచ్చిన ఎద్దు గురించి రోజంతా అడుగుతావు. "అక్కా, దీని అర్థం ఏమిటి, నన్ను వెళ్ళమంటున్నావా?" అని ఒక్క వాక్యం రాయడానికి నీకు చెయ్యి రాలేదు. నేనూ తక్కువ తినలేదు. వద్దంటున్నాను అని రాయాల్సింది, రాయలేదు. నిజం చెప్పాలంటే, నువ్వు వెళ్తావేమోనని ఎక్కడో ఆశపడ్డాను కూడా. ఈ ముక్క నీ ఎజ్రియెల్‌కి చూపించకు.

నేను విధవనని దేవుడికి తెలుసు, బల్ట్రుస్‌కి తెలుసు, నీకు తెలుసు. ఊరికి తెలియదు. ఇంతకుముందు నాకూ తెలియదు గనక కాస్త నయంగా ఉండేది. పొద్దున్నే తలుపు చప్పుడైతే లేచి చూసేదాన్ని.

చదువు మానేస్తానని మాత్రం రాయకు. మానితే నేను నీతో మాట్లాడను. భోజనం మానకు.

రేపు పొద్దున్నే, పిండి పులిసి ఓషెర్ ఇంకా పొయ్యి రాజేయకముందు, నేనే వాళ్ళ కొట్టుకి వెళ్తాను. సుక్కోత్‌దాకా ఆగనక్కర్లేదని, వాళ్ళ అక్క చూసిన సంబంధం ఒప్పుకోమని చెబుతాను. వీధిలో ఆడవాళ్ళ నోట వినడం కన్నా నా నోట వినడం మేలు. మిర్కెని వెంట తీసుకెళ్ళను. ఆయన ఏదైనా అడిగితే నిలబడి, అడిగినంత సేపూ జవాబు చెబుతాను. ఏమీ అడక్కపోతే రొట్టె ఒకటి కొనుక్కుని వచ్చేస్తాను.

నీ అక్క,
బ్రైనె